60 హెచ్‌ఆర్‌సీ డీ2 మీద కట్టర్ ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: మాది జీడిమెట్లలో చిన్న టూల్ రూమ్. బీటీ40 స్పిండిల్, 8000 ఆర్‌పీఎం ఉన్న వీఎంసీ (నిలువు స్పిండిల్ మిల్లింగ్ మెషీన్) ఒకటి, సీఎన్‌సీ లేత్ ఒకటి ఉన్నాయి. డీ2 అనే టూల్ స్టీల్ డై ప్లేట్‌ని 60 హెచ్‌ఆర్‌సీకి (రాక్‌వెల్ సీ, గట్టిదనం కొలత) హార్డెన్ చేయించి తెచ్చాక, పాకెట్ గోడల మీద పక్కకు 0.3 మి.మీ. చొప్పున తీసి ఫినిష్ చెయ్యాలి. లోతు 25 మి.మీ., మూలలు ఆర్5, అంటే 5 మి.మీ. రేడియస్. మైల్డ్ స్టీల్‌కి వాడే 10 మి.మీ. నాలుగు ఫ్లూట్ల, అంటే నాలుగు పళ్ళ, కార్బైడ్ ఎండ్‌మిల్‌ని 45 మి.మీ. బయటికి పెట్టి నడిపాం. ఒక్క పాకెట్ పూర్తయ్యేలోపే పళ్ళ మూలలు ఎగిరిపోతున్నాయి. 3000 ఆర్‌పీఎం నుంచి 1000కి దించాం, ఫీడ్ నిమిషానికి 100 మి.మీ. చేశాం, కూలెంట్ బాగా వదిలాం. ఇంకా తొందరగా పోతోంది. సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్, కార్బైడ్ కంటే గట్టి టూల్ మెటీరియల్) కొనాలా? ఓహెచ్‌ఎన్‌ఎస్ (ఆయిల్‌లో హార్డెన్ చేసే టూల్ స్టీల్) బుష్‌ల 40 మి.మీ. బోరు, టాలరెన్స్ హెచ్7, 58 హెచ్‌ఆర్‌సీ, ఇప్పుడు గ్రైండింగ్‌కి బయటికి పంపుతున్నాం. అది లేత్ మీదే అవుతుందా? ఇదే ప్లేట్‌లో కస్టమర్ తర్వాత అడిగిన ఎం8 ట్యాపింగ్ హోల్స్ రెండు కూడా ఉన్నాయి.

జవాబు: మీ పాకెట్‌కి సీబీఎన్ అక్కర్లేదు. సరైన కార్బైడ్ చాలు. అయితే మీరు కట్టర్‌ని కాపాడాలని చేసిన మూడు పనులూ, అంటే స్పీడు బాగా దించడం, ఫీడ్ తగ్గించడం, కూలెంట్ వదలడం, దాన్ని ఇంకా తొందరగా చంపాయి. ముందు అదెలాగో చూద్దాం. అది తెలియకుండా ఎంత ఖరీదైన కట్టర్ కొన్నా రెండో పాకెట్ చూడదు.

లెక్క వేసి చూడండి. 1000 ఆర్‌పీఎం, నాలుగు పళ్ళు, 100 ఫీడ్ అంటే పంటికి 0.025 మి.మీ. వస్తుంది. కానీ 10 మి.మీ. కట్టర్ పక్కకు 0.3 మాత్రమే తింటున్నప్పుడు పన్ను కోసే చిప్ అంత మందం ఉండదు. సైడ్ కట్ వ్యాసంలో 3 శాతమే అయితే, చిప్ గరిష్ఠ మందం పంటి ఫీడ్‌లో మూడో వంతుకి కాస్త ఎక్కువ. అంటే మీ చిప్ సుమారు 8.5 మైక్రాన్లు. కాస్త వాడిన కట్టర్ అంచు గుండ్రదనమే దాదాపు అంత ఉంటుంది. కాబట్టి పన్ను కోయడం లేదు, గోడ మీద రుద్దుకుంటూ పోతోంది. 60 హెచ్‌ఆర్‌సీ మీద రుద్దుడంటే వేడి. ఆ వేడి చిప్‌తో పాటు బయటికి పోవాలి. పోవడానికి చిప్పే లేకపోతే కట్టర్ అంచులోనే ఉండిపోతుంది.

మైల్డ్ స్టీల్ అలవాటు ఇక్కడే దెబ్బ తీస్తుంది. అక్కడ అనుమానం వస్తే ఫీడ్ తగ్గిస్తాం, ఫర్వాలేదు. హార్డ్ స్టీల్ మీద సైడ్ కట్ తగ్గించవచ్చు, లోతు తగ్గించవచ్చు, స్పీడూ కొంత తగ్గించవచ్చు. పంటికి వెళ్ళే ఫీడ్‌ని మాత్రం ఒక హద్దు కిందికి దించకూడదు.

కూలెంట్ సంగతి. మిల్లింగ్‌లో పన్ను ఒక్కో తిరుగుడుకీ ఒకసారి మెటల్‌లోకి వెళ్ళి కాలుతుంది, బయటికి వచ్చి కూలెంట్‌లో తడుస్తుంది. నిమిషానికి వెయ్యిసార్లు ఈ కాల్చడం, తడపడం జరిగితే అంచుకి అడ్డంగా దువ్వెన పళ్ళలా సన్నటి పగుళ్ళు వస్తాయి. తర్వాత ఆ పగుళ్ళ మధ్య ముక్కలు రాలిపోతాయి. గట్టి స్టీల్‌కి నీళ్ళు కట్టేసి, గాలి పెట్టండి. నాజిల్‌ని కట్టర్ తినే చోటికే గురిపెట్టి, చిప్స్ పాకెట్ అడుగున నిలవకుండా ఊదాలి. 25 మి.మీ. లోతు పాకెట్‌లో ఇది చాలా ముఖ్యం. అక్కడ పడిన గట్టి చిప్‌ని పన్ను మళ్ళీ నమిలితే మూల ఎగరడానికి ఒక్క చిప్ చాలు. గాలితో కలిపి చుక్కచుక్కగా నూనె పంపే ఎంక్యూఎల్ ఉంటే మంచిదే.

ఇక మెటీరియల్. డీ2 కష్టం అంకెలో ఒక్కదానిలోనే లేదు. ఇందులో కార్బన్ సుమారు 1.5 శాతం, క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. ఆ రెండూ కలిసి స్టీల్ నిండా క్రోమియం కార్బైడ్ గింజలు పెట్టేస్తాయి. ఆ గింజల గట్టిదనం సుమారు 1500 నుంచి 1800 విక్కర్స్ (ఇది ఇంకో గట్టిదనం కొలత). మీ కట్టర్ కార్బైడ్ కూడా దాదాపు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే కోటింగ్ లేని కార్బైడ్ కట్టర్‌కి ఇది ఎమెరీ రాయితో సమానం. అదే 60 హెచ్‌ఆర్‌సీ ఉన్న ఈఎన్31 బేరింగ్ స్టీల్‌లో, ఓహెచ్‌ఎన్‌ఎస్‌లో ఇన్ని పెద్ద గింజలు ఉండవు కాబట్టి అదే కట్టర్ అక్కడ ఎక్కువసేపు నిలుస్తుంది. మార్కెట్లో హెచ్‌సీహెచ్‌సీఆర్ అని అమ్మేది డీ2 కావచ్చు, డీ3 కావచ్చు. డీ3లో కార్బన్ 2 శాతం దాటుతుంది, కట్టర్‌కి ఇంకా కష్టం. టెస్ట్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. హార్డెనింగ్ వాళ్ళు చెప్పిన అంకెనీ ప్లేట్ మీద రెండు మూడు చోట్ల రాక్‌వెల్ పెట్టి చూసుకోండి. 57కీ 62కీ కట్టర్ జీవితంలో తేడా చాలా ఉంటుంది.

కొనాల్సిన కట్టర్ ఎలా ఉండాలంటే: అల్ట్రాఫైన్ గ్రెయిన్ కార్బైడ్, అంటే గింజ అర మైక్రాన్ లేదా ఇంకా చిన్నది. ఆరు ఫ్లూట్లు. మధ్య కోర్ లావుగా, ఫ్లూట్లు లోతు తక్కువగా ఉండాలి. హార్డ్ స్టీల్ చిప్ పొడిలా చిన్నది కాబట్టి దానికి పెద్ద గాడి అక్కర్లేదు, ఆ చోటు బలానికి వాడుకోవాలి. రేక్, అంటే పన్ను ముందు ముఖం వాలు, నెగెటివ్. మొన పదునుగా ఉండకూడదు, 0.5 మి.మీ. కార్నర్ రేడియస్ ఉండాలి. మీ కట్టర్ల మూలలే ముందు ఎగిరిపోవడానికి సగం కారణం ఆ పదును మొనే. పాకెట్ అడుగు మూల నిజంగా షార్ప్‌గా కావాలంటే, ఆ ఒక్క చోటికి వేరే కట్టర్‌తో చివర్లో వెళ్ళండి, లేదా స్పార్క్‌కి, అంటే కరెంటు నిప్పురవ్వలతో మెటల్ తీసే ఈడీఎంకి, ఇవ్వండి. మొత్తం గోడని షార్ప్ కట్టర్‌తో తీయకండి.

కోటింగ్‌లో అల్యూమినియం ఎక్కువున్న ఏఎల్‌టీఐఎన్, లేదా సిలికాన్ కలిసిన టీఐఎస్‌ఐఎన్ చూడండి. టీఐసీఎన్ గట్టిదే కానీ సుమారు 400 డిగ్రీలకే పాడవడం మొదలవుతుంది. గాలితో నడిపే హార్డ్ మిల్లింగ్‌కి అది పనికిరాదు. ఏఎల్‌టీఐఎన్ 800 డిగ్రీల పైదాకా ఓర్చుకుంటుంది. రంగు చూసి కొనకండి. నల్లగా, రాగి రంగులో మెరిసే కట్టర్లు అన్ని ధరల్లోనూ దొరుకుతాయి. పెట్టె మీద హెచ్‌ఆర్‌సీ 55, 65 అని ఉంటే అది ఆ కట్టర్ చివరి హద్దు అనుకోండి. 60 జాబ్‌కి 65 గుర్తున్నదే తీసుకోవాలి. పేరున్న కంపెనీల కేటలాగుల్లో హార్డెన్డ్ స్టీల్‌కి బూడిద రంగు పట్టీ, హెచ్ అక్షరం ఉంటాయి. నీలం పీ, మామూలు స్టీల్‌కి. కొట్టులో అడిగేటప్పుడు "హార్డ్ స్టీల్‌కి ఇవ్వండి" అనకుండా "హెచ్ గ్రూప్, 60 హెచ్‌ఆర్‌సీ, డీ2" అనండి. ఏ ఫీడ్, ఏ స్పీడ్ అని రాసి ఉన్న షీట్ కూడా అడగండి. అది ఇవ్వలేని కట్టర్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

సైజు 8 మి.మీ. తీసుకోండి. మూల ఆర్5, కట్టర్ 10 అంటే కట్టర్ రేడియస్ కూడా 5. గోడ మీద సన్నగా తింటూ వచ్చిన కట్టర్ మూలలోకి వెళ్ళేసరికి ఒక్కసారిగా పావు చుట్టు మెటల్‌లో ఇరుక్కుంటుంది. అక్కడే కీచుమంటుంది, అక్కడే పోతుంది. 8 మి.మీ. కట్టర్‌తో అయితే మూలలో చిన్న ఆర్క్ తిరగగలదు. అయినా ఒక చిక్కు ఉంది, చాలా మంది గమనించరు. ప్రోగ్రామ్‌లో ఇచ్చే ఫీడ్ కట్టర్ సెంటర్‌కి. ఆర్5 మూలలో 8 మి.మీ. కట్టర్ సెంటర్ తిరిగేది 1 మి.మీ. రేడియస్ ఆర్క్. అదే సమయంలో గోడ దగ్గర పన్ను 5 మి.మీ. రేడియస్ మీద పోతుంది. అంటే గోడ దగ్గర ఫీడ్ అయిదు రెట్లు. ప్రోగ్రామ్ తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో ఆర్క్ ఫీడ్ కరెక్షన్ ఉంటే పెట్టండి. లేకపోతే మూలల్ని ముందుగా 6 మి.మీ. కట్టర్‌తో విడిగా తీసేసి, తర్వాత 8తో గోడలు తిప్పండి.

25 మి.మీ. లోతుకి ఫ్లూట్ కూడా 25 ఉన్న కట్టర్ కొనకండి. ఫ్లూట్ 8 నుంచి 12 మి.మీ., ఆ పైన మెడ సన్నం చేసిన రకం, మెడతో కలిపి 26 లేదా 27 మి.మీ. అందేది కావాలి. హోల్డర్ నుంచి 30 మి.మీ. కంటే బయటికి రాకూడదు. కట్టర్ వంగడం పొడవు ఘనంతో పెరుగుతుంది. 30కి బదులు 45 పెడితే అదే బలానికి వంపు మూడున్నర రెట్లకు దగ్గరగా వస్తుంది. వంగిన కట్టర్ మళ్ళీ వెనక్కి కొడుతుంది, ఆ కొట్టుడే చాటర్. హోల్డర్ ముక్కు పాకెట్‌లోకి దిగకపోతే సన్నటి ముక్కు హోల్డర్ తీసుకోండి తప్ప కట్టర్‌ని లాగకండి.

కట్టర్ బిగించాక, ప్రోగ్రామ్ నొక్కే ముందు, రనౌట్, అంటే తిరిగేటప్పుడు కట్టర్ సెంటర్ తప్పి ఊగడం, చూడండి. స్పిండిల్‌ని చేత్తో తిప్పుతూ ఫ్లూట్ల పైన మెడ దగ్గర లివర్ డయల్ పెట్టాలి. 0.01 దాటితే విప్పి, కలెట్‌నీ (కట్టర్‌ని పట్టే చీలికల స్లీవ్) నట్‌నీ టేపర్‌నీ తుడిచి మళ్ళీ బిగించండి. 0.005 లోపు వస్తే సంతోషం. పంటికి ఫీడే 0.03, 0.04 ఉన్న చోట 0.02 రనౌట్ ఉంటే, ఆరు పళ్ళ కట్టర్‌లో ఒకటి రెండు పళ్ళే పని చేస్తున్నట్టు. అవి పోయాక పక్కవి, ఆ తర్వాత వాటి పక్కవి. పాత ఈఆర్ కలెట్‌ని ఏళ్ళ తరబడి వాడుతుంటే హార్డ్ జాబ్‌లకి ఒక కొత్త కలెట్ విడిగా పెట్టుకోండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఇప్పుడు అంకెలు. 8 మి.మీ. ఆరు ఫ్లూట్ల కట్టర్, కటింగ్ స్పీడ్ నిమిషానికి 65 మీటర్లతో మొదలుపెట్టండి, అంటే 2600 ఆర్‌పీఎం. పంటికి 0.04, అంటే ఫీడ్ సుమారు 620. పక్కకు 0.25 తీసి 0.05 ఫినిషింగ్‌కి ఉంచండి. లోతు 6 నుంచి 8 మి.మీ. మెట్లుగా దిగండి. 25 ఒకే దెబ్బలో వద్దు. క్లైంబ్ మిల్లింగ్ మాత్రమే చెయ్యండి, అంటే పన్ను మందంగా మొదలై సన్నగా బయటికి రావాలి. గోడలోకి నేరుగా గుద్దకుండా ఆర్క్‌లో రావాలి. కిందికి దిగాలంటే ర్యాంప్ (వాలుగా దిగడం) 1 డిగ్రీ లోపు, నిట్టనిలువుగా దింపడం అసలు వద్దు. ఫినిషింగ్ పాస్ 80 నుంచి 90 మీటర్లకు పెంచుకోవచ్చు. ఫినిష్ అయ్యాక సైజు రాలేదని అదే ఆఫ్‌సెట్‌తో మళ్ళీ ఖాళీ పాస్ తిప్పకండి. అది రుద్దుడు పాసే. కొలిచి, కనీసం 0.02, 0.03 ఆఫ్‌సెట్ ఇచ్చి కోయించండి.

మొదటి పాస్‌కి ముందు ఇంకో జాగ్రత్త. హార్డెనింగ్‌లో ప్లేట్ కదులుతుంది. మీరు 0.3 అనుకున్న చోట ఒక గోడకి 0.45, ఎదుటి గోడకి 0.15 ఉండొచ్చు. పాకెట్‌ని డయల్‌తో లేదా ప్రోబ్‌తో చుట్టూ తట్టి, మిగిలిన మెటల్ సమంగా పంచేలా సెంటర్ మార్చుకోండి. పైన నల్లటి పొలుసు ఉంటే గీరి, శాండ్‌బ్లాస్ట్ చేయించి పెట్టండి. పొలుసు మీద రాసుకుంటూ పోయే పాస్ కంటే దాని కిందికి దిగి కోసే పాస్ కట్టర్‌కి మేలు.

అరిగిన కట్టర్‌ని పారెయ్యకుండా పది రెట్ల భూతద్దంలో చూడండి. అంచు వెనక సమంగా, సన్నటి మెరిసే పట్టీలా అరిగితే అంతా సరిగ్గా ఉన్నట్టు. పట్టీ వెడల్పు 0.1 మి.మీ. వచ్చేసరికి మార్చెయ్యండి. మరీ తొందరగా అక్కడికి చేరితే స్పీడ్ పది శాతం దించండి. మూలే ఎగిరితే రనౌట్, పొడవు, మూలలోకి వెళ్ళే తీరు చూడాలి. అడ్డపగుళ్ళుంటే ఎక్కడో తడి తగులుతోంది. లోతు గీత దగ్గర ఒక్కచోటే గాడి పడితే పొలుసు తగిలింది, లేదా ప్రతి మెట్టూ ఒకే ఎత్తులో పడుతోంది. మెట్ల లోతు మార్చండి.

హెచ్13 స్టీల్ డై కాస్ట్ ఇన్సర్ట్‌లు మీ దగ్గరికి వస్తే ఇంత బాధ లేదు. 48, 50 హెచ్‌ఆర్‌సీలో కార్బన్ 0.4 శాతమే కాబట్టి ఇదే కట్టర్ 100 నుంచి 120 మీటర్ల మీద హాయిగా నడుస్తుంది. 3డీ సర్ఫేస్‌కి బాల్‌నోస్ (గుండ్రటి మొన కట్టర్) వాడేటప్పుడు మాత్రం మీ 8000 ఆర్‌పీఎం అడ్డు వస్తుంది. 6 మి.మీ. బాల్ 0.1 లోతులో తింటే నిజంగా కోసే వ్యాసం 1.5 మి.మీ. చిల్లరే. 8000 మీద కూడా అది 39 మీటర్లే. అదే 10 మి.మీ. బాల్ అయితే 50 మీటర్లు వస్తుంది. ఆకారం ఒప్పుకున్నంత పెద్ద బాల్ వాడండి. బాల్ కొస దగ్గర స్పీడు సున్నా. జాబ్‌ని 10, 15 డిగ్రీలు వంచి కట్టగలిగితే ఆ కొస బతుకుతుంది.

బుష్‌ల విషయానికి వస్తే, బోరు లేత్ మీదే అవుతుంది, ఇక్కడ సీబీఎన్ నిజంగా డబ్బు మిగులుస్తుంది. సీబీఎన్‌కి 50, 55 హెచ్‌ఆర్‌సీ పైన ఉన్న మెటల్ కావాలి. మెత్తటి దాన్ని కోస్తే తొందరగా అరిగిపోతుంది. కొట్లో ఎవరైనా పీసీడీ, అంటే డైమండ్, ఇంకా గట్టిది అని ఇస్తే తీసుకోకండి. డైమండ్ కార్బన్ కదా, వేడి మీద ఇనుములోకి కరిగిపోతుంది.

సీబీఎన్‌లో రెండు జాతులున్నాయి. సీబీఎన్ పాలు 45 నుంచి 65 శాతం, మిగతా సిరామిక్ బైండర్ ఉన్నది ఆగకుండా సాగే ఫినిషింగ్‌కి. 80 శాతం పైన సీబీఎన్ ఉన్నది ఎక్కువగా కాస్ట్ ఐరన్‌కి, గట్టి దెబ్బలకి. మీ బోరులో ఆయిల్ హోల్ గానీ కీవే గానీ లేకపోతే మొదటిది. ఉంటే, అంతరాయం కటింగ్‌కి ప్రత్యేకించిన గ్రేడ్ అడగండి. ఆ హోల్ అంచుల్ని హార్డెనింగ్‌కి ముందే చాంఫర్ కొట్టి ఉంచండి. బోరింగ్‌కి సీసీజీడబ్ల్యూ 09టీ304 ఇన్సర్ట్, 25 మి.మీ. బార్, వీలైనంత పొట్టిగా. 120 మీటర్లకి 40 బోరు మీద 955 ఆర్‌పీఎం. ఫీడ్ తిరుగుడుకి 0.08. లోతు పక్కకు 0.1. ఈ ఫీడ్‌కీ ఇన్సర్ట్ 0.4 మి.మీ. మొన రేడియస్‌కీ లెక్క ప్రకారం గరుకు ఎత్తు 2 మైక్రాన్లు, గ్రైండింగ్‌కి దగ్గరే. గ్రైండింగ్‌కని వ్యాసం మీద 0.4 ఉంచుతుంటే 0.3కి తగ్గించండి. చివరి రెండు పాస్‌లూ ఒకే లోతు ఉండాలి. బార్ ఎంత వెనక్కి తోసుకుపోతుందో రెండిట్లో సమానంగా ఉంటేనే సైజు మీ చేతిలో ఉంటుంది. సన్నటి గోడ బుష్‌ని చక్ మూడు గట్టి జాలతో (పట్టే దవడలతో) బిగిస్తే బోరు విప్పాక మూడు మూలలవుతుంది. సాఫ్ట్ జాలని బయటి వ్యాసానికి బోర్ చేసుకుని వాడండి.

చిప్ నారింజ రంగులో వెలుగుతూ వస్తుంది. భయపడకండి, వేడి అటు పోతేనే మంచిది. తలుపు మూసి నడపండి, ట్రేలో నూనె గుడ్డలు, పాత పొట్టు లేకుండా చూడండి. కూలెంట్ వదిలితే మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వదలాలి, లేదా అసలు వద్దు. మధ్యలో పోయడం మాత్రం ఇన్సర్ట్‌ని పగలగొడుతుంది. కోసిన వెంటనే బోర్ గేజ్ పెట్టకండి. బుష్ గది కంటే 20 డిగ్రీలు వేడిగా ఉంటే 40 బోరు 9 మైక్రాన్లు పెద్దదిగా చూపిస్తుంది. మీ టాలరెన్స్ మొత్తం 25 మైక్రాన్లే. ఇంకోటి, అరిగిన ఇన్సర్ట్‌ని లాగిస్తే బోరు పైపొర వేడికి మళ్ళీ హార్డెన్ అయి పెళుసు తెల్లపొరగా మారుతుంది. కంటికి కనబడదు, కానీ వాడకంలో పొట్టు లేస్తుంది. ఇన్సర్ట్ అంచుని ఇన్ని బుష్‌లు అని లెక్క పెట్టి మార్చండి.

చివరిగా ఎం8 హోల్స్. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. 60 హెచ్‌ఆర్‌సీలో హెచ్‌ఎస్‌ఎస్ ట్యాప్ పెట్టే ఆలోచనే వద్దు, ట్యాప్ గట్టిదనం కూడా 63 నుంచి 66 మధ్యే. కార్బైడ్ డ్రిల్ 6.9 మి.మీ., నిమిషానికి 15 మీటర్లు, తిరుగుడుకి 0.03 ఫీడ్‌తో హోల్ వేసి, హార్డ్ స్టీల్‌కి చేసిన త్రెడ్ మిల్‌తో తిప్పొచ్చు. కానీ రెండు హోల్స్ కోసం ఆ రెండు టూల్స్ కొనడం దండగ. ముందు కస్టమర్‌ని అడగండి: డై ప్లేట్‌లో 9 మి.మీ. క్లియరెన్స్ హోల్ వేసి, త్రెడ్‌ని కింద మెత్తటి ప్లేట్‌లోకి మార్చొచ్చా అని. ఒప్పుకుంటే ఆ హోల్స్‌ని ముందు ఈడీఎం డ్రిల్లింగ్‌లో చిన్నగా వేయించి, వైర్‌కట్‌లో 9 మి.మీ. సైజు తెప్పించండి. ఒప్పుకోకపోతే స్పార్క్‌లో త్రెడ్ ఎలక్ట్రోడ్‌తో చేయించండి. రాబోయే ప్లేట్లకి ట్యాపింగ్ అంతా మెత్తగా ఉన్నప్పుడే చేసి, హార్డెనింగ్‌కి పంపే ముందు ఆ హోల్స్‌లో ఫైర్ క్లే కూరి పంపండి. త్రెడ్‌లో పొలుసు పట్టదు.